ఘంటసాల గారి భగవద్గీత ఎవరి కోసం? ఒక గొంతు కథ



గీత మీద వీడియో పెట్టిన ప్రతిసారీ మన ప్రేక్షకుల్లో కొందరు ఒకటే సందేహం అడుగుతూ ఉంటారు. ఘంటసాల గారి భగవద్గీత ఇంట్లో పెట్టుకోవచ్చా అండీ అని. పొద్దున్నే అది పెడితే ఇరుగుపొరుగు వాళ్ళు ఎవరైనా పోయారేమోనని కంగారు పడుతున్నారట. సుప్రభాతం పెట్టుకో, విష్ణు సహస్రనామం పెట్టుకో, అది మాత్రం వద్దు అని కోడళ్ళకు చెప్పే అత్తగార్లూ ఉన్నారు. మన తెలుగు ఊళ్ళలో ఇది ఎంత మామూలైపోయిందో మీకూ తెలుసు. వీధి చివర మైకులో ఆ గొంతు వినపడగానే మన నోట్లోంచి వచ్చే మొదటి మాట, ఎవరింట్లో అనే కదా.

దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పొచ్చు. కానీ నాకు అలా చెప్పాలనిపించలేదు. ఆ గొంతు ఎక్కడ పుట్టింది, ఎన్ని ఇళ్ళ అన్నం తిని పెరిగింది, ఎంతమంది మొహాల వెనక నిలబడి చివరికి గీత దగ్గరికి చేరింది, ఇవన్నీ తెలిస్తే జవాబు మీకే దొరుకుతుంది. మన వీడియోలకు గొంతు ఇచ్చేది నేనే. గొంతుతో చేసే పని ఎలా ఉంటుందో నాకు కాస్త తెలుసు కాబట్టి, ఆ వైపు నుంచే ఈ కథ చెప్తాను.

నాన్న భుజాల మీద మొదలైన పాట

ఘంటసాల వెంకటేశ్వరరావు గారు 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడ దగ్గర చౌటపల్లి అనే పల్లెటూళ్ళో పుట్టారు. తల్లి రత్తమ్మ గారు, తండ్రి సూరయ్య గారు. ఆ తండ్రి మృదంగం వాయించేవారు, నారాయణతీర్థుల వారి తరంగాలు పాడేవారు. ఊరూరా భజనలకు వెళ్ళేటప్పుడు కొడుకుని భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్ళేవారు. తండ్రి తరంగం పాడుతుంటే ఈ పిల్లవాడు నాట్యం చేసేవాడు. చూసిన వాళ్ళు బాల భరతుడని ముద్దుగా పిలిచేవారు. అంటే చూడండి, ఆయన చెవిన పడిన మొదటి సంగీతమే కృష్ణుడి కథ. తరంగాలంటే కృష్ణలీలలే కదా.

ఆ అదృష్టం ఎక్కువకాలం నిలవలేదు. పిల్లవాడికి పదకొండేళ్ళు వచ్చేసరికి సూరయ్య గారు కాలం చేశారు. సంగీతం గొప్పతనం గురించి కొడుక్కి చెప్పి, దాన్ని నేర్చుకోమని చెప్పి వెళ్ళిపోయారు. ఆ తర్వాత మేనమామ పిచ్చిరామయ్య గారు ఆ కుటుంబాన్ని ఆదుకున్నారు.

నాన్న చెప్పిన మాట మనసులో ఉంది గానీ, నేర్పేవాళ్ళు ఎవరూ లేరు. ఒకసారి విద్వాంసులతో పోటీకి దిగి నలుగురిలో నవ్వులపాలయ్యారు. అవమానం మనిషిని రెండు దారుల్లో ఏదో ఒక దారి పట్టిస్తుంది. ఈయన్ని పట్టుదల దారి పట్టించింది. సంగీతం తెలిసిన వాళ్ళ ఇళ్ళల్లో చేరి, ఒకచోట బట్టలు ఉతికారు, ఇంకొకచోట వంట చేశారు. చాకిరీ మిగిలింది గానీ చదువు అబ్బలేదు. చివరికి వేలికున్న ఉంగరం అమ్మేశారు. నలభై రూపాయల ఉంగరానికి వచ్చింది 8 రూపాయలే. ఆ డబ్బుతో విజయనగరం రైలెక్కారు.

జోలె పట్టిన చేయి

విజయనగరంలో మహారాజుల వారి సంగీత కళాశాల ఉంది. ఈయన వెళ్ళేసరికి అక్కడ వేసవి సెలవులు. ప్రిన్సిపాల్ ద్వారం వెంకటస్వామి నాయుడు గారు, మన వయొలిన్ నాయుడు గారే, ఈ కుర్రాణ్ణి చూసి కళాశాల ఆవరణలో ఉండనిచ్చారు. భోజనానికి వారాలు చేసుకోవడం మొదలైంది. వారాలంటే ఈ తరం వాళ్ళకు తెలియకపోవచ్చు. రోజుకొక ఇంట్లో భోజనం చొప్పున వారానికి ఏడు ఇళ్ళు కుదుర్చుకుని పేద విద్యార్థులు చదువుకునేవారు.

అంతా సర్దుకుందనుకునే వేళకి తోటి విద్యార్థులు చేసిన పని ఈయన మీద పడింది. కళాశాలలో ఉండనివ్వలేదు. వారాలు ఇచ్చే ఇళ్ళూ తలుపులు మూసేశాయి. అప్పుడు చేరదీసిన మహానుభావుడు పట్రాయని సీతారామశాస్త్రి గారు. సాలూరు చిన గురువు గారంటే ఆ ప్రాంతంలో తెలియని వాళ్ళు లేరు. ఆయన ఉన్నవారేమీ కాదు. విద్య మాత్రం ఉచితంగా ఇస్తానన్నారు. అన్నం సంగతి శిష్యుడే చూసుకోవాలి.

అలా ఘంటసాల గారు మధుకరం మొదలుపెట్టారు. భుజాన జోలె కట్టుకుని వీధి వీధీ తిరిగి, గుమ్మం గుమ్మం దగ్గరా నిలబడి, రెండు పూటలకు సరిపడా అన్నం అడిగి తెచ్చుకునేవారు. తుమ్మెద పువ్వు పువ్వు దగ్గరా ఒక్కొక్క చుక్క తేనె తీసుకున్నట్టు ఇంటింటా ఒక్కొక్క ముద్ద తెచ్చుకోవడం కాబట్టి దానికి మధుకరం అని పేరు. పేరు ఎంత తియ్యగా ఉన్నా, పదిహేనూ పదహారేళ్ళ వయసులో మొదటి గుమ్మం ముందు నిలబడి నోరు తెరవడం ఎంత కష్టమో ఆలోచించండి. ఏ గొంతు తర్వాత కోట్లమందికి అన్నం పెట్టినంత తృప్తి ఇచ్చిందో, ఆ గొంతు ముందు అన్నం అడగడం నేర్చుకుంది.

తర్వాత నిజం తెలిసింది, మళ్ళీ కళాశాలలో చేరారు. నాలుగేళ్ళ చదువుని రెండేళ్ళలో పూర్తిచేశారు. గురువు గారిని మాత్రం జీవితాంతం మరువలేదు. ఆ గురుఋణం ఎలా తీరిందో చివర్లో చెప్తాను, అది గీతతో ముడిపడిన సంగతి.

జైలు, పెళ్ళి, పానగల్ పార్కు

చదువు పూర్తయ్యాక సొంతూరు వచ్చి, ఉత్సవాల్లో, పెళ్ళిళ్ళలో కచేరీలు చేశారు, నాటకాల్లో వేషాలు వేశారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. ఈయన కూడా దిగారు. అరెస్టు చేసి బళ్ళారి దగ్గర అలీపురం జైలుకు పంపారు. 18 నెలల శిక్ష. పొట్టి శ్రీరాములు గారి లాంటి పెద్దలతో పరిచయం అక్కడే.

1944 మార్చి 4న మేనకోడలు సావిత్రి గారితో పెళ్ళి జరిగింది. ఈమె సినిమా నటి సావిత్రి కాదండోయ్, చాలామంది పొరబడుతుంటారు. ఆ అత్తవారి ఊరు పెదపులివర్రు. సినిమా రచయిత సముద్రాల రాఘవాచార్యుల వారిదీ అదే ఊరు. ఆయన ఈయన పాట విని, మద్రాసు రమ్మన్నారు.

మద్రాసులో సముద్రాల వారి ఇల్లు చిన్నది. వాళ్ళకు భారం కాకూడదని ఈయన బయటికి వచ్చేశారు. త్యాగరాయనగర్ పానగల్ పార్కులో కాపలావాడికి నెలకు 2 రూపాయలు ఇచ్చి రాత్రిళ్ళు పడుకునే ఏర్పాటు చేసుకున్నారు. పగలంతా అవకాశాల కోసం తిరుగుడు. రేడియోలో పాడే అవకాశాలు కొద్దికొద్దిగా వచ్చాయి. గ్రామఫోను రికార్డుల కంపెనీలో మొదట ఈ గొంతు మైకుకి పనికిరాదని తిప్పి పంపేశారు. తర్వాత పేకేటి శివరాం గారు ఆ గొంతులో ఏముందో గుర్తించి రికార్డు చేయించారు.

1944లో సీతారామ జననంలో బృందగానంలో పాడి, చిన్న వేషం కూడా వేశారు. 1945లో బి.ఎన్.రెడ్డి గారి స్వర్గసీమలో భానుమతి గారితో కలిసి పాడారు. నేపథ్యగాయకుడిగా అదే మొదలు. ఆ పాటకు ఇచ్చింది 116 రూపాయలు. ఇక అక్కణ్ణుంచి వెనక్కి చూసుకోలేదు.

ఒక గొంతు, ఎన్నో మొహాలు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నేపథ్యగానం అప్పుడప్పుడే వేళ్ళూనుకుంటున్న రోజులవి. అంతకుముందు నటించేవాళ్ళే పాడుకునేవారు. పాడటం రానివాడికి హీరో వేషం దొరకడం కష్టం. ఒకరు కనపడటం, ఇంకొకరు వినపడటం అనే పద్ధతి వచ్చాక, వినపడేవాడు తనని తాను దాచుకోవాల్సి వచ్చింది. పాట బాగుంటే చాలదు, తెరమీద ఉన్న మనిషే పాడుతున్నట్టు ఉండాలి.

ఘంటసాల గారు చేసి చూపించింది అదే. ఎన్.టి.రామారావు గారికి పాడేటప్పుడు ఆ గొంతులో ఒక గాంభీర్యం, అక్కినేని నాగేశ్వరరావు గారికి పాడేటప్పుడు ఒక సున్నితమైన జాలి. గుండమ్మ కథ (1962)లో ఇద్దరూ ఉన్నారు. సంగీతం ఘంటసాల గారిదే, ఇద్దరికీ పాడిందీ ఆయనే. కళ్ళు మూసుకుని వినండి, ఎవరి పాట ఎవరిదో మీకే తెలుస్తుంది. దేవదాసు (1953)లో తాగి తూలే ప్రేమికుడి గొంతు ఆయనదే. జగదేకవీరుని కథ (1961)లో శిలని కరిగించే విద్వాంసుడి గొంతూ ఆయనదే. కరుణశ్రీ గారి పుష్పవిలాపం రికార్డులో కోయబోయే పూల తరఫున ప్రాధేయపడ్డారు. కుంతీకుమారిలో కన్నబిడ్డని నదిలో వదిలే తల్లి దుఃఖం పలికించారు. మగవాడి గొంతుతో ఒక తల్లి ఏడుపు వినిపిస్తే నవ్వు రావాలి. కానీ మనకు కన్నీళ్ళు వస్తాయి.

ఆయన ఇచ్చింది ఒక్క గొంతే కాదు, 1949లో మనదేశం, కీలుగుర్రం మొదలుకుని సంగీత దర్శకుడిగా ఎన్నో సినిమాలకు బాణీలు కట్టారు. పాతాళభైరవి (1951), మాయాబజార్ (1957) గురించి నేను కొత్తగా చెప్పాల్సింది ఏముంది? మాయాబజార్‌లో నాలుగు పాటలకు సాలూరి రాజేశ్వరరావు గారు బాణీలు కట్టి తప్పుకుంటే, మిగతా బాధ్యత ఈయన తీసుకున్నారు. ఒక విషయం గమనించండి. సంగీత దర్శకుడు తనే అయినా ఘటోత్కచుడికి తను పాడలేదు. ఎస్వీ రంగారావు గారి ఆ భారీ విగ్రహానికి మాధవపెద్ది సత్యం గారి గొంతు పెట్టించారు. తన గొంతు ఎక్కడ సరిపోతుందో తెలియడం ఒక విద్య, ఎక్కడ సరిపోదో తెలియడం ఇంకా పెద్ద విద్య.

పద్యం సంగతి కూడా చెప్పాలి. అప్పటిదాకా పద్యమంటే నాటకాల పద్యమే. మైకుల్లేని కాలంలో చివరి వరసలో కూర్చున్న వాడికి కూడా వినపడాలి కాబట్టి నటులు గొంతెత్తి పాడేవారు. రాగం పొడుగ్గా తీసేవారు, జనం వన్స్ మోర్ అంటే మళ్ళీ అందుకునేవారు. అది ఆ కాలానికి అవసరం. మైకు వచ్చాక ఆ అవసరం తీరింది. ఘంటసాల గారు అది గ్రహించారు. రాగాన్ని తగ్గించారు, మాటని ముందుకు తెచ్చారు. పదం ఎక్కడ విరవాలో అక్కడే విరిచారు. వత్తులు, శ ష స తేడాలు, ళకారాలు ఏవీ నలిగిపోనివ్వలేదు. పద్యం చదువు రాని రైతుకి కూడా ఒకసారి వినగానే సగం అర్థమయ్యేలా పాడారు. పైగా ఆ రోజుల్లో ఇప్పట్లా ముక్కలు ముక్కలుగా పాడి అతికించే వీలు లేదు. వాద్యాల వాళ్ళు, గాయకులు అందరూ కలిసి ఒకేసారి పాడాలి. ఒక్కరు తప్పినా మళ్ళీ మొదటి నుంచి. నేను ఒక్క పేజీ వ్యాఖ్యానం చదవడానికి ఎన్నిసార్లు ఆపి, ఎన్నిసార్లు మళ్ళీ మొదలుపెడతానో నాకు తెలుసు. అందుకే ఆ పద్యాలు వింటుంటే చేతులు వాటంతటవే జోడించుకుంటాయి.

భక్తి తెర మీద

భూకైలాస్ (1958) చూశారు కదా. రామారావు గారు రావణుడు, నాగేశ్వరరావు గారు నారదుడు. ఒకరు శివుణ్ణి పిలుస్తారు, ఒకరు నారాయణ నామం చేస్తారు. రెండు గొంతులూ ఘంటసాల గారివే. హరిహరులకు భేదం లేదని మనం వీడియోల్లో గంటసేపు చెప్పేది ఆయన ఒక్క పాటలో వినిపించేశారు.

లవకుశ (1963) తెలుగులో మొట్టమొదటి పూర్తి రంగుల చిత్రం. డబ్బు ఇబ్బందులతో మధ్యలో ఏళ్ళ తరబడి ఆగి, మళ్ళీ మొదలై పూర్తయిన సినిమా. సంగీతం ఘంటసాల గారిది. అందులో కుశలవులు ఊరూరా తిరిగి రామాయణం పాడుతుంటే ప్రాణం పెట్టి వింటాం. ఆ పిల్లల గొంతులు సుశీల గారివి, లీల గారివి. రాముడి గొంతు ఘంటసాల గారిది. ఆ సినిమా ఆడే రోజుల్లో పల్లెటూళ్ళ నుంచి బళ్ళు కట్టుకుని వెళ్ళి చూసిన పెద్దవాళ్ళు మీ ఇళ్ళల్లోనూ ఉంటారు. అడిగి చూడండి, వాళ్ళు సినిమాకి వెళ్ళామని చెప్పరు, రాముణ్ణి చూసొచ్చామని చెప్తారు.

ఇక శ్రీకృష్ణుడు. రామారావు గారు కృష్ణుడిగా కనపడిన ఎన్నో సినిమాల్లో ఆ కృష్ణుడికి గొంతు ఈయనే. శ్రీకృష్ణావతారం (1967)లో రాయబారం పద్యాలు గుర్తుతెచ్చుకోండి. కౌరవ సభలో నిలబడి, శాంతి కోసం వచ్చిన దేవుడు ఎంత నెమ్మదిగా మొదలుపెట్టి ఎంత గట్టిగా ముగిస్తాడో. తెలుగువాడి చెవికి కృష్ణుడి గొంతు ఎలా ఉంటుందో అప్పటికే ఖాయమైపోయింది.

ఇన్ని మొహాల వెనక దాగిన మనిషి తన మొహంతో కనపడిన సందర్భం ఒకటి చెప్తాను. శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం (1960) సినిమా. అందులో శేషశైలవాసుడి ముందు కూర్చుని పాడే గాయకుడిగా ఘంటసాల గారే స్వయంగా కనిపిస్తారు. వేషం లేదు, ఆర్భాటం లేదు. తెల్లని బట్టలతో ఒక మనిషి దేవుడి ముందు కూర్చుని పాడుతున్నాడు, అంతే. అందరికీ అరువిచ్చిన గొంతుని, స్వామి ముందు మాత్రం తన సొంత గొంతుగా పెట్టారని నాకు అనిపిస్తుంది. తర్వాత తిరుమల తిరుపతి దేవస్థానం ఆయన్ని ఆస్థాన గాయకుడిగా గౌరవించింది. 1970లో పద్మశ్రీ వచ్చింది.

అన్నీ విజయాలే అనుకోకండి. పరోపకారం, సొంతవూరు, భక్త రఘునాథ్ లాంటి సినిమాలు తనే నిర్మించి నష్టపోయారు. పాడి సంపాదించినది తీసి చేతులు కాల్చుకున్నారు. మళ్ళీ పాడి నిలబడ్డారు.

చివరి పని: భగవద్గీత

1971లో ఐరోపా, అమెరికా దేశాలు తిరిగి కచేరీలు చేసి వచ్చారు. ఆరోగ్యం అప్పటికే బాగాలేదు, చక్కెర వ్యాధి ఉంది. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా గుండెనొప్పి వచ్చింది. ఆసుపత్రిలో చాలా రోజులు ఉండి బయటపడ్డారు. ఆ తర్వాత కూడా 1973లో భక్త తుకారాం లాంటి సినిమాలకు పాడారు. కానీ ఆయన మనసంతా ఒక పని మీద ఉంది. భగవద్గీత పాడాలి. అది పూర్తయ్యాక ఇక సినిమా పాటలు మానేద్దామన్న ఆలోచన కూడా ఉందట.

గీతలో 700 శ్లోకాలు, 18 అధ్యాయాలు. అందులోంచి నూరుకు పైగా శ్లోకాలు ఎంచుకున్నారు. ఆయన చేసిన గొప్ప పని ఏమిటంటే, ప్రతి శ్లోకం తర్వాత తెలుగు తాత్పర్యం కూడా తనే చెప్పారు. సంస్కృతం రాదు కాబట్టి గీత మనది కాదు అని దూరంగా కూర్చున్న వాళ్ళని దగ్గరికి పిలిచింది ఆ తాత్పర్యమే.

ఇది ఎంత కష్టమో గొంతుతో పనిచేసే వాళ్ళకి తెలుస్తుంది. పాడినప్పుడు గొంతు ఒక ఎత్తులో ఉంటుంది. వెంటనే మాటలోకి దిగితే చప్పబడిపోతుంది, లేదా పాట వాసన మాటకి అంటుకుని నాటకంలా అయిపోతుంది. ఆయన దగ్గర ఆ రెండూ జరగలేదు. శ్లోకం పాట, తాత్పర్యం మాట, కానీ రెండింటిలోనూ మనిషి ఒక్కడే. ధృతరాష్ట్రుడి ఆరాటం, అర్జునుడి దిగులు, కృష్ణుడి నిబ్బరం, మధ్యలో కథ చెప్పే మనిషి. నలుగురూ ఒకే గొంతులోంచి వస్తారు, ఎవరు ఎవరో మనకి తేడా తెలుస్తూనే ఉంటుంది. ముప్ఫై ఏళ్ళపాటు ఇతరుల మొహాలకు గొంతు అమర్చిన సాధన అంతా ఇక్కడ పనికొచ్చింది. కృష్ణుడి మాట దగ్గర ఆయన ఎక్కడా గొంతు పెంచలేదు, గమనించండి. యుద్ధరంగం మధ్యలో కూడా ఒక పెద్దాయన పక్కన కూర్చుని బుజ్జగించి చెప్తున్నట్టే ఉంటుంది.

గురుఋణం సంగతి చెప్తానన్నాను. జోలె పట్టుకుని వచ్చిన కుర్రాడికి ఉచితంగా విద్య ఇచ్చిన పట్రాయని సీతారామశాస్త్రి గారి కుమారుడు సంగీతరావు గారు ఉన్నారు కదా, ఆయన్ని ఘంటసాల గారు మద్రాసు పిలిపించుకున్నారు. సంగీతరావు గారు హార్మోనియం పట్టుకుని చివరిదాకా ఘంటసాల గారి పక్కనే ఉన్నారు. ఈ గీత పనిలో కూడా ఆయన చేయి ఉంది. గురువు గారు ఇచ్చిన విద్య, గురువు గారి బిడ్డ సహకారంతో, గీతాచార్యుడి పాదాల దగ్గరికి చేరిందన్నమాట.

పని పూర్తయింది. కానీ ఆ రికార్డు ఇంటింటికీ చేరడం చూసే యోగం ఆయనకు లేకపోయింది. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో ఆసుపత్రిలో కన్నుమూశారు. వయసు 51 ఏళ్ళు. 2003లో తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది.

మరి ఇంట్లో పెట్టుకోవచ్చా?

ఇప్పుడు మీ సందేహం దగ్గరికి వద్దాం. ఆ గీత చావు ఇంటికి ఎలా చేరింది? అది తప్పుడు ఉద్దేశంతో జరిగింది కాదు. గీత రెండో అధ్యాయంలో ఆత్మకు చావు లేదని స్వామి చెప్తాడు. పోయిన మనిషి కోసం గుండెలు బాదుకునే వాళ్ళకి అంతకంటే ఓదార్పు ఏముంది? తెలుగులో తాత్పర్యంతో సహా చెప్పే రికార్డు అదొక్కటే ఊరూరా దొరికేది. మైకు సెట్టు వాడి దగ్గర క్యాసెట్టు ఉండేది. పెట్టారు. ఆ తర్వాత అదే ఆనవాయితీ అయింది. వైకుంఠ రథాల్లో కూడా అదే మోగుతోంది. మిగతా రోజుల్లో వినడం మానేశాం కాబట్టి, ఆ ఒక్కరోజు గుర్తే మిగిలిపోయింది.

ఒక్కసారి ఆలోచించండి. చావు ఇంట్లో ఆ గీత ఎవరి కోసం? అక్కడ పడుకున్న ఆయన వినడు. వినేది చుట్టూ కూర్చున్న వాళ్ళు. రేపటి నుంచి మళ్ళీ పొలానికి వెళ్ళాల్సిన కొడుకు, పిల్లల్ని పెంచాల్సిన భార్య, వాళ్ళ కోసం. అంటే అక్కడ కూడా గీత బతికున్న వాళ్ళకే. అక్కడ పెట్టడంలో తప్పు లేదు. అక్కడ మాత్రమే పెట్టడం మన దురదృష్టం.

కృష్ణుడు గీత చెప్పింది చావబోయే వాడికి కాదు. చేయాల్సిన పని ముందు చేతులు వణికి, విల్లు వదిలేసి కూలబడిన మనిషికి చెప్పాడు. చెప్పాక ఆ మనిషి లేచి నిలబడ్డాడు. గీత ఫలితం లేచి నిలబడటం. పరీక్ష ముందు భయపడే పిల్లవాడు, ఉద్యోగం పోయి ఇంట్లో చెప్పలేక నలిగిపోయే తండ్రి, రోగంతో విసిగిపోయిన పెద్దావిడ, వీళ్ళందరూ అర్జునులే. వీళ్ళ కోసమే ఆ గొంతు అంత నెమ్మదిగా మాట్లాడింది.

ఆ గొంతు ఇచ్చిన ఆయన జీవితం కూడా అదే చెప్తుంది. పదకొండేళ్ళకే తండ్రి పోయాడు, లేచారు. విద్వాంసుల ముందు నవ్వులపాలయ్యారు, లేచారు. చేయని తప్పుకి బయటికి పంపారు, జోలె కట్టుకుని లేచారు. మైకుకి పనికిరాదన్నారు, లేచారు. గుండె దెబ్బతిన్నాక కూడా లేచి కూర్చుని గీత పాడారు. అలాంటి గొంతుని మనం అశుభం అని పక్కన పెట్టేస్తే నష్టం ఎవరికి? ఆయనకి కాదు.

అందుకని నా మనవి ఒక్కటే. రేపు పొద్దున స్నానం చేసి, దీపం పెట్టి, ఘంటసాల గారి గీత పెట్టండి. మొత్తం ఒకేసారి వినక్కర్లేదు. రోజుకు ఒక్క అధ్యాయం, ఫోను పక్కన పెట్టేసి వినండి. తాత్పర్యం దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టుకుని అర్థం కాని మాట ఆపి చెప్పండి. పక్కింటివాళ్ళు తొంగిచూసి ఎవరికేమైందని అడిగితే, అందరం బాగున్నామని, మీరూ లోపలికి రండని పిలవండి. ఒక వీధిలో నాలుగు ఇళ్ళల్లో ఇలా మొదలైతే చాలు, ఆ గొంతు వినపడగానే ఎవరింట్లో అని అడిగే అలవాటు దానంతట అదే పోతుంది.

ఆ గీతాచార్యుడి దయ మీ కుటుంబం మీద ఎప్పుడూ ఉండాలని కోరుకుంటూ, వచ్చే వారం మరొక మహానుభావుడి కథతో కలుద్దాం.

జై శ్రీకృష్ణ. శుభం.